ల్యాప్‌టాప్ సన్నబడింది... మరి మన సీడీలేం కావాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి కోఠి దాకా, డిస్క్ డ్రైవ్‌ని వెతుక్కుంటూ ఓ నడక

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ మెట్రో స్టేషన్ మెట్లు దిగాక జనం రెండుగా చీలిపోతారు. కొందరి కాళ్లు బిర్యానీ వైపు లాగుతాయి. కొందరివి పార్క్‌లేన్ వైపు. ఈ రెండో రకం వాళ్ల వీపున ఒక బ్యాగు, అందులో ఆన్ కాని ల్యాప్‌టాప్ ఒకటి ఉంటాయి. వాళ్ల వెనకాలే నడవండి, అడ్రస్ అడగక్కర్లేదు. కాసేపటికి చెనాయ్ ట్రేడ్ సెంటర్ ముందు తేలతారు. అంత పొడుగు పేరు ఆటోవాళ్లకి కూడా అక్కర్లేదు. సీటీసీ అంటే చాలు.

జంటనగరాల్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామందికి సీటీసీతో ఏదో ఒక చుట్టరికం ఉంటుంది. మొదటి కంప్యూటర్ ఇక్కడే అసెంబుల్ చేయించుకుని, మానిటర్‌ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికెళ్లిన వాళ్లున్నారు. ర్యామ్ ధర కోసం పది షాపులు తిరిగి, మళ్లీ మొదటి షాపుకే వచ్చి కొన్నవాళ్లున్నారు. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది కాబట్టి ఆ తిరుగుడు తగ్గింది. కానీ విప్పేసిన ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురు తలలు వంచి చూసే సీన్ మాత్రం ఇక్కడ ఇంకా ఉంది.

ఈసారి నేను వెళ్లింది ఒక ప్రశ్న పట్టుకుని. సన్నటి ల్యాప్‌టాప్‌లలోంచి సీడీ, డీవీడీ డ్రైవ్ తీసెయ్యడం సరైన పనేనా? "అది ఎప్పుడో తేలిపోయిన గొడవ కదా" అంటారేమో. కంపెనీల వరకూ తేలిపోయింది. మన ఇళ్లలో తేలలేదు. బీరువా పైన అట్టపెట్టెలో, టీవీ కింద సొరుగులో, ఆసుపత్రి కవర్లో అది ఇంకా మిగిలే ఉంది.

"ఎవరు అడుగుతలేరన్నా"

కింద గాజు తలుపుల షాపుల్లో కొత్త ల్యాప్‌టాప్‌లు మూతలు తెరుచుకుని వరసగా నిలబడ్డాయి. ఒక్కోదాని అంచులు చూసుకుంటూ పోయాను. ఎడమ, కుడి, వెనక. మన చిన్నప్పుడు ఒక పక్కన ఉండే ఆ పొడుగాటి గీత, దాని మధ్యలో చిన్న బటన్, నొక్కితే టక్కుమని బయటికొచ్చే ట్రే... ఒక్కదానిక్కూడా లేదు.

"లోపలే డీవీడీ రైటర్ ఉన్న మోడల్ ఏదైనా ఉందా అన్నా?" అని అడిగాను.

కౌంటర్ దగ్గరున్న కుర్రాడు నవ్వాడు. "కొత్తదాంట్లనా? లేదన్నా. ఎవరు అడుగుతలేరు. ఎక్స్‌టర్నల్ ఉన్నది, తీస్కో. వైర్ పెడితే నడుస్తది."

"అవి బాగా పోతాయా?"

"ఎప్పుడన్న ఒకటి. డాక్టర్లు తీస్కుంటరు, వకీళ్లు తీస్కుంటరు, ఫొటో స్టూడియోలోళ్లు తీస్కుంటరు. కాలేజ్ పోరగాళ్లు అయితే దాన్ని సూసి గిదేందన్నా అంటరు."

డాక్టర్లు, వకీళ్లు, ఫొటో స్టూడియోలు. ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. అసలు కథ వాళ్ల దగ్గరే ఉంది. దానికి ముందు, ఆ డ్రైవ్ ఎందుకు పోయిందో చూద్దాం.

తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పంచాయితీ

1982లో సోనీ, ఫిలిప్స్ కలిసి సీడీని మార్కెట్లోకి తెచ్చినప్పుడు దాని కొలత 12 సెంటీమీటర్లు. తర్వాత డీవీడీ వచ్చింది, బ్లూ-రే వచ్చింది. లోపల పట్టే డేటా పెరిగింది గానీ చక్రం సైజు మారలేదు. సీడీలో 700 ఎంబీ, ఒక పొర డీవీడీలో 4.7 జీబీ, ఒక పొర బ్లూ-రేలో 25 జీబీ. అన్నీ అదే 12 సెంటీమీటర్ల బిళ్ల.

చిక్కంతా అక్కడే. ప్రాసెసర్ చిన్నదయింది, ర్యామ్ చిన్నదయింది, హార్డ్ డిస్క్ పోయి చూయింగ్ గమ్ పట్టీ అంత ఎస్‌ఎస్‌డీ వచ్చింది. డిస్క్ డ్రైవ్ మాత్రం ఎంత కుదించినా 12 సెంటీమీటర్ల బిళ్ల పట్టాలి కదా. ల్యాప్‌టాప్ డ్రైవ్‌ల మందం మొదట్లో 12.7 మిల్లీమీటర్లు ఉండేది. తర్వాత 9.5కి దిగింది. వెడల్పు మాత్రం 13 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. 14 అంగుళాల ల్యాప్‌టాప్ అడుగుభాగంలో దాదాపు ఐదో వంతు జాగా దీనికే పోయేది. అందులో ఒక మోటారు, ఒక లేజర్, ఆ లేజర్ అటూ ఇటూ జరగడానికి ఒక పట్టా. అంటే కదిలే భాగాలు. కదిలేది ఏదైనా ఒకరోజు అరుగుతుంది.

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని బయటికి తీసిన వీడియో మీరు చూసే ఉంటారు. దాని మందం ఎక్కువలో ఎక్కువ 19.4 మిల్లీమీటర్లు. అందులో డిస్క్ డ్రైవ్ లేదు. కావాలంటే బయట పెట్టుకునే డ్రైవ్ వేరే కొనుక్కోవాలి, లేదా పక్క కంప్యూటర్ డ్రైవ్‌ని వైఫై మీదుగా వాడుకోవాలి. అప్పట్లో చాలామంది వెక్కిరించారు. 1998లో ఇదే కంపెనీ ఐమ్యాక్‌లోంచి ఫ్లాపీ తీసేసినప్పుడూ వెక్కిరించారు. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అని పేరు పెట్టి, చిన్న స్క్రీన్ ఉన్న వాటి మందం 18 మిల్లీమీటర్లు దాటకూడదంది. లెక్క మీరే వెయ్యండి. 18లో 9.5 డ్రైవ్‌కే పోతే స్క్రీన్ ఎక్కడ, కీబోర్డు ఎక్కడ, బ్యాటరీ ఎక్కడ? 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలోంచి కూడా డ్రైవ్ పోయింది. మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి.

ఇక్కడో తమాషా ఉంది. జపాన్‌లో పానసోనిక్ 'లెట్స్ నోట్' అని ఒక ల్యాప్‌టాప్ అమ్మేది. అందరూ డ్రైవ్ తీసేసిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా అందులో డిస్క్ డ్రైవ్ ఉండేది. 12 అంగుళాల మోడల్ బరువు సుమారు కిలో మాత్రమే! మరి అదెలా కుదిరింది? వాళ్లు మందం తగ్గించే పోటీకి పోలేదు. దాదాపు రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంచి, బరువు మాత్రం తగ్గించారు. జపాన్ ఆఫీసుల్లో డిస్క్‌ల వాడకం ఇంకా ఉందని వాళ్లకి తెలుసు. అంటే తేలిక వేరు, సన్నం వేరు. మనం రోజూ మోసేది బరువు. షాపులో ముచ్చటపడేది సన్నదనం. డ్రైవ్ పోయింది ఎక్కువగా ఆ రెండోదాని కోసమే.

ఖాళీ అయిన గదిలో కొత్త అద్దె

సీటీసీలో పైకి వెళ్లేకొద్దీ గాజు తలుపులు తగ్గి రిపేరు బల్లలు ఎక్కువవుతాయి. అయస్కాంతం అంటించిన ట్రేలో చిన్న చిన్న స్క్రూలు, గోడకి వేలాడే ఛార్జర్ వైర్లు, టేబుల్ కింద పాత మదర్‌బోర్డుల గుట్ట, చల్లారిపోయిన సగం చాయ్.

ఒక బల్ల దగ్గర పదేళ్ల నాటి లావు ల్యాప్‌టాప్ బోర్లా పడుకుని ఉంది. మెకానిక్ ఒక్కటంటే ఒక్క స్క్రూ విప్పి పక్కనుంచి వేలితో నెట్టాడు. డీవీడీ డ్రైవ్ మొత్తం సొరుగులా జారి బయటికొచ్చింది. ఆ ఖాళీలోకి అదే సైజు ప్లాస్టిక్ తొడుగు ఒకటి తోశాడు. దాన్ని ఇక్కడ క్యాడీ అంటారు. అందులో పాత హార్డ్ డిస్క్ కూర్చుంది. హార్డ్ డిస్క్ ఉండే అసలు చోట్లో కొత్త ఎస్‌ఎస్‌డీ కూర్చుంది. ఇంతకుముందు ఆన్ చేసి చాయ్ తాగొచ్చేంత టైమ్ పట్టే మిషన్, ఇప్పుడు గ్లాసు పట్టుకునేలోపే తెరుచుకుంటుంది.

"క్యాడీలు రెండు సైజులన్నా. పన్నెండు పాయింట్ ఏడు ఒకటి, తొమ్మిదిన్నర ఒకటి. మీది ఏదో కొలిచి తీస్కోవాలె" అని చెప్పాడు. తీసిన డ్రైవ్‌ని ఏం చేస్తారని అడిగితే, బల్ల కింది డబ్బా చూపించాడు. నిండా అవే.

ఆ డబ్బా చూశాక నా ప్రశ్నకి సగం జవాబు దొరికింది. డ్రైవ్‌ని కంపెనీలు బలవంతంగా లాక్కున్నాయని అనుకుంటాం గానీ, ఉన్నవాళ్లు కూడా స్క్రూ విప్పి తీసేయించుకున్నారు. ఎందుకు తీసేయించుకోరు? 8 ఎక్స్ వేగంతో తిరిగే డీవీడీ సెకనుకి సుమారు 11 ఎంబీ ఇస్తుంది. మామూలు యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ అంతకి ఎన్నో రెట్లు ఇస్తుంది. విండోస్ వెయ్యాలంటే ఇప్పుడు పెన్‌డ్రైవే. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడే. సినిమా సంగతి ఇక చెప్పేదేముంది?

సినిమా అంటే గుర్తొచ్చింది. మోసర్ బేర్ అనే మన దేశపు కంపెనీ ఒకప్పుడు 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మింది. కిరాణా కొట్లో కూడా తెలుగు సినిమా డిస్క్‌లు వేలాడేవి. పైరసీ సీడీ కంటే ఒరిజినలే చవక అనిపించిన రోజులవి. తర్వాత 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా చవకైంది, సినిమా ఫోన్‌లోకి దూరింది. 2018లో మోసర్ బేర్‌ని మూసి ఆస్తులు అమ్మెయ్యాలని కంపెనీల ట్రైబ్యునల్ ఆదేశించింది. ఆ కిరాణా కొట్లో ఇప్పుడు అదే మేకుకి షాంపూ ప్యాకెట్లు వేలాడుతున్నాయి.

కాబట్టి ఆ డ్రైవ్ పోవడం న్యాయమే. రోజూ వాడని వస్తువు కోసం రోజూ 150 గ్రాముల బరువు మొయ్యడం, బ్యాటరీకి పనికొచ్చే జాగాని దానికి ఇవ్వడం ఎవరికీ లాభం కాదు. ఇక్కడే నడక ఆపేస్తే ఈ వ్యాసం కూడా ఇక్కడే అయిపోయేది. కానీ నాకు కోఠిలో ఇంకో పని ఉంది.

గ్రీన్ లైన్‌లో పెద్ద కవర్లు

పరేడ్ గ్రౌండ్ దగ్గర గ్రీన్ లైన్ ఎక్కితే సుల్తాన్ బజార్‌లో దిగొచ్చు. మధ్యలో గాంధీ ఆసుపత్రి స్టేషన్ వస్తుంది. అక్కడ ఎక్కేవాళ్లలో కొందరి చేతుల్లో పొడుగాటి తెల్ల కవర్లు ఉంటాయి. వాటిని మడవకూడదు. అందుకే సీటు దొరికినా ఒళ్లో నిలువుగా పట్టుకుని కూర్చుంటారు. స్కాన్ ఫిల్ములు. చాలా స్కాన్ సెంటర్లు ఆ కవర్లోనే, ఒక పలచటి కాగితపు జేబులో, ఒక సీడీ కూడా పెట్టి ఇస్తాయి.

ఆ సీడీలో ఏముంటుందో చాలామందికి తెలీదు. సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీస్తే వచ్చేవి ఒకటీ రెండూ బొమ్మలు కాదు, వందల్లో ఉంటాయి. ఫిల్మ్ మీద అచ్చు వేసేది వాటిలో ఏరిన కొన్ని. మొత్తం బొమ్మలు డైకామ్ అనే పద్ధతిలో సీడీలో ఉంటాయి, చూసుకోవడానికి ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌తో సహా. డాక్టరు పొరలు పొరలుగా జరుపుకుంటూ చూడాలంటే సీడీయే దిక్కు.

మా పిన్నికి మోకాలి ఎంఆర్ఐ అయ్యాక ఇంకో డాక్టరుగారి సలహా కూడా తీసుకుందామని వేరే ఆసుపత్రికి వెళ్లాం. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎక్కడైనా ఇదే కావొచ్చు. డాక్టరుగారు ఫిల్ములు లైట్‌కి పెట్టి చూసి, "సీడీ ఉందా అమ్మా?" అన్నారు. ఉంది. ఆయన టేబుల్ మీద వేలెడు మందం లేని ల్యాప్‌టాప్ ఉంది. సీడీ పెట్టే చోటు లేదు. రిసెప్షన్‌లో ఉన్న కంప్యూటర్‌కి డ్రైవ్ ఉంది గానీ పాడైందట. ఇంకో గదిలో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఉందన్నారు గానీ, వైరస్‌ల భయంతో అక్కడి కంప్యూటర్లలో యూఎస్‌బీ లాక్ చేసి పెట్టారు. అరగంట తర్వాత ఒక అమ్మాయి వచ్చి, "ఇక్కడే ఇంకోసారి తీయించుకోండి మేడమ్" అంది.

ఇంకోసారి! వేల రూపాయల పని. అదే సీటీ స్కాన్ అయితే ఇంకోసారి రేడియేషన్ కూడా. చేతిలో బొమ్మలన్నీ ఉన్నాయి, చూసే కన్నే లేదు. చివరికి ఆసుపత్రి ఎదురుగా జిరాక్స్ షాపులో ఒక పాత డెస్క్‌టాప్ కాపాడింది. షాపాయన సీడీ పెట్టి, ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇరవై రూపాయలు తీసుకున్నాడు. డాక్టరుగారు తన సొంత ల్యాప్‌టాప్‌లో ఆ పెన్‌డ్రైవ్ పెట్టి చూశారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు.

ఆసుపత్రులు ఇంకా సీడీలే ఎందుకిస్తున్నాయి? కారణాలున్నాయి. సీడీ చవక. ఒకసారి రాశాక అందులో ఎవరూ మార్పులు చెయ్యలేరు. బయటి పెన్‌డ్రైవ్‌తో వచ్చే వైరస్ బెడద ఉండదు. కోర్టుల్లో ఫోన్ కాల్ రికార్డింగులు, సీసీ కెమెరా వీడియోలు డిస్క్ మీద దాఖలు చెయ్యడానికీ కొంతవరకు ఇదే కారణం. సీటీసీ కుర్రాడు చెప్పిన వకీళ్లు, డాక్టర్లు అక్కడికి ఎందుకొస్తున్నారో అర్థమైందా?

అయితే ఒక తేడా గమనించండి. డ్రైవ్ తీసేసిన కంపెనీకి ఖర్చు తగ్గింది. కొన్న మనకి బరువు తగ్గింది. డిస్క్ ఇచ్చే సంస్థకి పని సులువుగానే ఉంది. మిగిలిన భారమంతా ఆ తెల్ల కవరు పట్టుకుని నిలబడ్డ మనిషి మీద పడింది. ఆయన దగ్గర ల్యాప్‌టాపే ఉండకపోవచ్చు. ఉన్నది ఫోను. ఫోన్‌లో సీడీ పట్టదు.

కోఠిలో "నడిచే నాయన"

సుల్తాన్ బజార్‌లో దిగి కోఠి వైపు నడిస్తే పాత పుస్తకాల వరసలు. ఒక లావు ప్రోగ్రామింగ్ పుస్తకం తీసి చూస్తే వెనక అట్ట లోపల ప్లాస్టిక్ జేబు, అందులో సీడీ. సీలు కూడా తియ్యలేదు. ఎవరో నాలుగేళ్లు బీటెక్ చదివి, పుస్తకం అమ్మేసి, ఆ సీడీని ఒక్కసారి కూడా తెరవకుండా వెళ్లిపోయారు. ఇది పోయినా బాధ లేదు. అందులో ఉన్నది ఇవాళ నెట్‌లో దొరుకుతుంది.

దొరకనిది గుజరాతీ గల్లీ దగ్గర కనిపించింది. ఆ చుట్టుపక్కల ఒక చిన్న షాపు. పాత వీడియో క్యాసెట్లు, సీడీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారు. ఒకావిడ, పక్కన ఇంటర్ చదివే కొడుకు. కౌంటర్ మీద పెళ్లి డీవీడీ కేసు. పైన గులాబీ పూల మధ్య కొత్త జంట ఫొటో, ఎండకి వెలిసిపోయి ఉంది.

"మా పెండ్లిది తమ్మీ. 2007ల అయింది. ఇంట్ల ప్లేయర్ ఖరాబైంది. వీనికి కొత్త ల్యాప్‌టాప్ కొన్నం గని అండ్ల పడ్తలేదు" అంటోంది ఆవిడ.

షాపాయన అప్పటికే రెండు డిస్కులూ చూసినట్టున్నాడు. "రెండోది మంచిగనే ఉన్నదమ్మా. మొదటిది మధ్యల ఆగుతుంది."

"ఆగిన కాడ ఏమున్నది?"

"ఎదుర్కోళ్లమ్మా."

ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "గా ఎదుర్కోళ్లల్లనే మా నాయన ఉన్నడు. బ్యాండ్ ముందట ఆడిండు. ఫొటోల ఉన్నడు గని, నాయన నడిచేది, ఆడేది గిండ్లనే ఉన్నది" అంది. కొడుకు తలెత్తి చూశాడు. తాతని వాడు ఎప్పుడూ చూసినట్టు లేదు.

షాపాయన డిస్క్ తీసి వెలుతురుకి తిప్పాడు. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు నిలువుగా తుడిచాడు. గుండ్రంగా తుడవకూడదట. గీత పడితే ట్రాక్ వెంబడే పడి మరీ పాడవుతుంది. ఇంకో డ్రైవ్‌లో పెట్టాడు. ఒక డ్రైవ్ చదవలేని డిస్క్‌ని ఇంకోటి చదవొచ్చు. ఒక్కో లేజర్‌ది ఒక్కో చూపు. వేగం బాగా తగ్గించి, చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నించే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. నేనక్కడున్నంతసేపట్లో అంకె 38 శాతం దాకా వచ్చింది. "రేపు రాండ్రి అమ్మా, రాత్రంత పెట్టి సూస్త" అన్నాడు.

కంపెనీలో అచ్చు గుద్దిన సినిమా డిస్క్‌కీ, స్టూడియోలో రాసిచ్చిన పెళ్లి డిస్క్‌కీ తేడా ఉంది. సినిమా డిస్క్‌లో గుంటలు నిజంగానే ప్లాస్టిక్‌లో అచ్చు పడి ఉంటాయి. స్టూడియో డిస్క్‌లో ఉండేది ఒక రంగు పొర. లేజర్ దాన్ని అక్కడక్కడ కాల్చి డేటా రాస్తుంది. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు మెల్లగా మారిపోతుంది. బీరువా పైన, రేకుల కప్పు కింద, మన మే నెల వేడిలో ఇన్నేళ్లు... మీరే ఊహించుకోండి. 2000 నుంచి 2015 మధ్య మన తెలుగు ఊళ్లలో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తుల్లో చాలావాటికి మిగిలిన ఒకే ఒక్క వీడియో ఆ రంగు పొరే. యూట్యూబ్‌లో లేదు. క్లౌడ్‌లో లేదు. స్టూడియోవాళ్లు ఎప్పుడో చెరిపేసి ఉంటారు.

మరి తీర్పు ఏంటి?

డ్రైవ్ ల్యాప్‌టాప్‌లోకి తిరిగి రావాలా? అక్కర్లేదు. సీటీసీలో ఆ డబ్బా నిండా ఉన్న డ్రైవ్‌లే దానికి సాక్ష్యం. ఒక ఇంట్లో నలుగురికి నాలుగు ల్యాప్‌టాప్‌లుంటే నాలుగింట్లో నాలుగు డ్రైవ్‌లు దండగ.

కానీ ల్యాప్‌టాప్‌లో అక్కర్లేదు అంటే ఎక్కడా అక్కర్లేదు అని కాదు. అపార్ట్‌మెంట్‌కి ఒకటి, కాలేజీ లైబ్రరీకి ఒకటి, ఊళ్లో మీసేవ సెంటర్‌కి ఒకటి, ఆసుపత్రిలో ప్రతి ఓపీ గదికీ ఒకటి ఉండాలి. సీడీ ఇచ్చే ఆసుపత్రి, అడిగితే అవే బొమ్మలు పెన్‌డ్రైవ్‌లోనో లింకు ద్వారానో కూడా ఇవ్వాలి. డిస్క్ ఇచ్చేవాళ్లు దాన్ని తెరిచే దారి కూడా చూపించాలి.

ఇంకో సంగతి. టైమ్ ఎక్కువ లేదు. ఖాళీ బ్లూ-రే డిస్క్‌ల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. బయట పెట్టుకునే డీవీడీ డ్రైవ్ ఇవాళ వెయ్యి, రెండు వేల రూపాయల మధ్యలో దొరుకుతోంది. ఎల్లకాలం దొరుకుతుందనే గ్యారంటీ లేదు. అది దొరికే ఈ రోజుల్లోనే పని కానిచ్చెయ్యాలి.

మీరు వెళ్తే...

డ్రైవ్ కొనాలంటే ప్యారడైజ్ మెట్రోలో దిగి సీటీసీకి నడిచి వెళ్లొచ్చు. మీ ల్యాప్‌టాప్‌కి పెద్ద యూఎస్‌బీ పోర్టు ఉందా, టైప్-సీ ఒక్కటే ఉందా చూసుకుని వెళ్లండి. టైప్-సీ మాత్రమే ఉంటే కన్వర్టర్ కూడా కావాలి. షాపులోనే మీ ఇంటి డిస్క్ ఒకటి పెట్టి నడిపించి చూడండి. కొన్ని డ్రైవ్‌లకి ఒక పోర్టు ఇచ్చే కరెంటు చాలదు, రెండు పిన్నులున్న వైరు కావాలి.

పెళ్లి డీవీడీ తెరిస్తే 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్ కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్యండి, ఒక్క ఫైలు ఏరుకోవద్దు. పాత వీసీడీ అయితే 'ఎంపెగ్ ఏవీ' ఫోల్డర్‌లో 'డాట్' ఫైళ్లుంటాయి. రెండూ వీఎల్‌సీ ప్లేయర్‌లో నడుస్తాయి. స్కాన్ సీడీ అయితే లోపలున్నదంతా ఉన్నదున్నట్టుగా కాపీ చేసి, ఫోల్డర్‌కి పేషెంటు పేరు, తేదీ పెట్టండి.

కాపీ ఒక్కచోటే పెట్టొద్దు. హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. డిస్క్‌ని మాత్రం పారెయ్యకండి. నిలువుగా, కేసులో, ఎండ తగలనిచోట పెట్టండి. దానిమీద బాల్‌పెన్నుతో రాయొద్దు. సీడీలో డేటా పొర ఉండేది పైనున్న లేబుల్‌కి సరిగ్గా కిందే. కింది గీతకంటే పైన పడ్డ గీతే ఎక్కువ చేటు.

ఇవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం పని. ముందుగా ఇంటికి ఫోన్ చేసి, సీడీలన్నీ ఏ సంచిలో ఉన్నాయో అమ్మని అడగండి. ఆమెకి తప్పకుండా తెలిసే ఉంటుంది.